కావలసిన ముక్కనే నడిపించడం

ప్రోగ్రామ్‌ని ముందు మనిషి కోసం రాయాలి, ఆ తర్వాతే యంత్రం కోసం. ఈ పద్ధతికి లిటరేట్ ప్రోగ్రామింగ్ అనే పేరు డొనాల్డ్ క్నూత్ 1984లో ‘ది కంప్యూటర్ జర్నల్’లో రాసిన వ్యాసంతో స్థిరపడింది. వివరణా కోడూ ఒకే ఫైల్లో ఉంటాయి. టాంగిల్ అనే సాధనం అందులోంచి కోడ్‌ని ఏరి కంపైలర్‌కి ఇస్తుంది, వీవ్ అనేది అచ్చుకి పనికొచ్చే ప్రతిని తీస్తుంది. తన టెక్ అక్షరకూర్పు ప్రోగ్రామ్‌ని క్నూత్ ఇలాగే రాసి, 1986లో ఆ సోర్సంతా పుస్తకంగా వేశారు.

అయితే అక్కడ ప్రోగ్రామ్ నడిస్తే మొత్తం నడవాల్సిందే. ఒక పేరా కింద రాసిన నాలుగు వరుసలు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకునే వీలు లేదు. ఈమ్యాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్ ఆ కొరత తీర్చింది. కార్‌స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఆర్గ్‌కి ఎరిక్ షుల్టే, డాన్ డేవిసన్ కోడ్ బ్లాకుల్ని విడివిడిగా నడిపే బేబెల్‌ని జోడించారు. క్నూత్ ఆలోచన రోజువారీ పనిలోకి దిగింది దీనితోనేనని నా నమ్మకం.

వర్షపాతం లెక్కల ఫైల్ ఒకటి ఉందనుకోండి. మొదటి బ్లాక్ డేటాని దించుతుంది, రెండోది తప్పుడు వరుసల్ని తీసేస్తుంది, మూడోది గ్రాఫ్ గీస్తుంది. గ్రాఫ్‌లో రంగు మార్చారు. కర్సర్‌ని మూడో బ్లాక్‌లో ఉంచి కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే చాలు, అదొక్కటే నడిచి ఫలితం దాని కిందే వచ్చి కూర్చుంటుంది. ఒక శీర్షిక కింద ఉన్నవన్నీ కావాలంటే కంట్రోల్-సి, కంట్రోల్-వి, ఆపైన ఎస్. ఫైలంతా కావాలంటే ఎస్ బదులు బి.

మూడో బ్లాక్ తన తలవరుసలోని ‘వార్’ ద్వారా రెండోదాని ఫలితాన్ని పేరు పెట్టి అడుగుతుంటే, బేబెల్ ముందు రెండోదాన్ని నడిపి ఆ తర్వాతే గ్రాఫ్‌కి వస్తుంది. రెండోది పెద్ద పనైతే దాని తలవరుసలో ‘క్యాష్ యెస్’ అని పెట్టాలి. కోడూ, దానికి అందే విలువలూ మారనంతవరకు పాత ఫలితమే అందుతుంది. డేటా దించే బ్లాక్‌కి ‘ఇవాల్ నో’ పెడితే, ఫైలంతా నడిపినా అది కదలదు. నడిపించమంటారా అని బేబెల్ ప్రతిసారీ అడగడం కొందరికి విసుగు. ఆ ప్రశ్నని తీసేయకండి. ఎవరో పంపిన ఫైల్లోని ఒక్క షెల్ కమాండ్ మీ ఫోల్డర్‌ని తుడిచేయగలదు.

అసలు చిక్కు సెషన్‌తో. సెషన్ లేకపోతే ప్రతి బ్లాక్ కొత్తగా మొదలవుతుంది, పక్క బ్లాక్‌లోని వేరియబుల్స్ దానికి తెలియవు. సెషన్ పెడితే అన్నీ మెమరీలో నిలుస్తాయి. పని చకచకా సాగుతుంది, కానీ మీరు చెరిపేసిన బ్లాక్‌లోని వేరియబుల్ కూడా అక్కడే బతికి ఉంటుంది. జూపిటర్ నోట్‌బుక్‌లోనూ ఇదే బెడద. సెల్ (అక్కడి బ్లాక్) పక్కన నడిచిన క్రమాన్ని తెలిపే అంకెలు 2, 7, 4 అని కనిపిస్తే, చదివే క్రమం వేరు, నడిచిన క్రమం వేరు అన్నమాట. కళ్లముందున్న గ్రాఫ్ కళ్లముందున్న కోడ్ గీసిందేనని అప్పుడు ఎవరూ చెప్పలేరు. పాఠకుడు నమ్మి చదివేది ఆ రెంటి పొత్తునే.

అందుకే రాస్తున్నంతసేపూ కావలసిన ముక్కనే నడుపుకోండి. ఇంకొకరికి ఇచ్చే ముందు మాత్రం సెషన్ మూసేసి, ‘ఇవాల్ నో’తో ఆపిన బ్లాకుల్ని కూడా తెరిచి, ఫైల్‌ని పైనుంచి కింది దాకా ఒకసారి నడపండి.