శాకుంతలమున సంబోధన సముదాచారము

అభిజ్ఞానశాకుంతలమును బోధించువారు చతుర్థాంకమున నిలిచినంత సేపు పంచమాంకమున నిలువరు. కణ్వుని వీడ్కోలు శ్లోకములు విద్యార్థులకు కంఠస్థములగును. దుర్వాసుని శాపము నాటకమునకు మేలు చేసెనా, కీడు చేసెనా యను చర్చ పరీక్షాపత్రములందు తఱచుగా కానవచ్చును. కాని నిండుసభలో శకుంతల భర్తను పిలువబోయి, ఆ పిలుపును సగములో నాపుకొని, వేఱొక పిలుపు నెత్తుకొనిన ఘట్టము రెండు నిమిషములలో గడచిపోవును. 'ఆర్యపుత్ర' యనునది నాయిక నాయకుని పిలుచు మాట, 'పౌరవ' యనగా పురువంశజుడు అని అర్థము చెప్పి ముందునకు సాగుదుము. అట్లు చాల యేండ్లు సాగిపోయినవారిలో మేము నొకరము.

మమ్ము మరల వెనుకకు త్రిప్పినది ఒక విద్యార్థి వ్రాసిన జవాబు. ఈ ఘట్టమును వ్యావహారికమున వ్రాయుమన్న ప్రశ్నకు ఆతడు 'ఆర్యపుత్ర' పదమునకు బదులుగా 'ఏమండీ' యని వ్రాసెను. మేము దానిక్రింద ఎఱ్ఱసిరాతో గీత గీచి రెండు మార్కులు తగ్గించితిమి. అంతటితో నాగక తోటి అధ్యాపకులకు చదివి వినిపించి నవ్వితిమి కూడ. ఆ నవ్వు ఎంత తొందరపాటో తెలియుటకు మాకు కొంతకాలము పట్టినది.

ఘట్టమును మొదట స్మరింతము. శార్ఙ్గరవుడు కణ్వుని సందేశము వినిపించినాడు. శాపవశమున రాజునకు ఏమియు జ్ఞప్తికి రాలేదు. గౌతమి శకుంతల మేలిముసుగు తొలగించినది. చూచియు రాజు గుర్తింపలేదు. ఇక నీవే సమాధానము చెప్పుకొమ్మని శారద్వతుడు శకుంతలతో ననెను. అంతటి అనురాగమే ఇట్లు మాఱిపోయిన పిదప జ్ఞప్తి చేసి ఫలమేమి యని ఆమె తనలో ననుకొని, ప్రకాశముగా 'ఆర్యపుత్ర' యని ఆరంభించి సగములో నాగినది. వివాహమే సంశయములో పడినపుడు ఈ పిలుపు సముదాచారము కాదని తానే చెప్పి, 'పౌరవ' యని పిలిచి నిందను మొదలిడినది. ఇచట గమనింపదగిన పదము 'సముదాచారము'. నాటకమున ఒక పాత్ర తాను పలుకు పిలుపు తగునా తగదా యని సభాముఖమున విచారించి తీర్పు చెప్పుట అరుదు. కవి ఈ విచారమును శాస్త్రజ్ఞుని నోట గాక, తిరస్కృతయైన ఒక ముగ్ధ నోట ప్రాకృతమున పెట్టినాడు.

నాటకమున ఎవరు ఎవరిని ఎట్లు పిలువవలెనో భరతుడు విస్తరించి చెప్పియున్నాడు. ధనంజయుడు దశరూపకమునను, విశ్వనాథుడు సాహిత్యదర్పణమునను దానిని సంగ్రహించిరి. అమరుని నాట్యవర్గమునుండి చేటిని, సఖిని, నీచను పిలుచు పదములను మన విద్యార్థులు వల్లించుచునే యున్నారు. రథికుని సూతుడు 'ఆయుష్మన్' అనును. పరిజనము రాజును 'దేవ' యనును. విదూషకుడు 'వయస్య' యనును. శాకుంతలమున సూతుడు, ప్రతీహారి, విదూషకుడు ఈ మర్యాదను తప్పలేదు. ఈ పట్టికను కంఠపాఠముగా అప్పగింపజేయుటయే గాని, దానిని చేతబట్టుకొని నాటకమును చదివించుట మన తరగతులలో లేదు. శాస్త్రకారులు చెప్పిన వానిలో రెండు విధులు మాత్రము మనకిపుడు కావలెను. యౌవనమున భార్య భర్తను 'ఆర్యపుత్ర' యని పిలువవలెను. ఋషులు రాజును 'రాజన్' అని గాని, అపత్యప్రత్యయాంతమైన పేరితో గాని పిలువవచ్చును.

'ఆర్యపుత్ర' పదమున ఆర్యుడనగా మామగారు. మామగారి కొడుకా యని భర్తను పిలుచుటయన్న మాట. ఆ పిలుపులో భర్తతోడి సంబంధమే గాక, ఆ యింట తనకు గల స్థానమును ఇమిడియున్నది. ఆ యింటి గడపలోనే నిలిచి, నీవెవరవో యెఱుగనని యనిపించుకొనిన స్త్రీకి ఆ పిలుపు నోట రాకుండుటలో వింత లేదు. సభలో ఆమె మౌనము వహింపవచ్చును, 'రాజా' యనవచ్చును, పేరు పెట్టి నిందింపవచ్చును. అయినను 'పౌరవ' యనినది. ఇది పురుశబ్దముపై అపత్యార్థమున వచ్చిన తద్ధితము. అనగా ఋషులు రాజును పిలుచు విధము. భార్యగా పిలుచు అధికారము పోయినంతనే ఆమె ఆశ్రమకన్యగా మాఱి, తపోవనము రాజును పిలుచు భాషలో పిలిచినది. 'ఆర్యపుత్ర' యని మొదలిడినపుడు ఆమె అంతఃపురమున నుండవలసిన స్త్రీ. 'పౌరవ' యనునప్పటికి శార్ఙ్గరవుని ప్రక్కన నిలిచిన కణ్వదుహిత. ఈ నడుమ ఆమె అడుగైనను కదల్పలేదు.

అమాయికయగు కన్యకు అలంకారశాస్త్రమును అంటగట్టుట తగదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణకు సమాధానము తృతీయాంకముననే కలదు. లతాగృహమున రాజు చనువు చూపబోయినపుడు, వినయమును కాపాడుకొమ్మని వారించుచు ఆమె పిలిచిన పిలుపు 'పౌరవ'యే. గౌతమి వచ్చుచున్నదని హెచ్చరించినపుడును ఆ పిలుపే. పెండ్లికి పూర్వము ఆతడామెకు పౌరవుడు. చతుర్థాంకమున ఆశ్రమము విడిచిపోవుచు చెలితో మాటలాడునప్పటికి ఆతడు ఆర్యపుత్రుడైనాడు. పంచమాంకమున మరల పౌరవుడు. రాజు మఱచినది ఏ కాలమునో, ఆ కాలమునే శకుంతల తన పిలుపునుండి తుడిచివేసినది. మఱపు రాజునకు శాపముచేత వచ్చినది. శకుంతల తెలిసి, ఎంచి, మర్యాదకొఱకు చేసినది. వంగదేశపు పాఠమున తృతీయాంకము మిక్కిలి దీర్ఘము. అందు శకుంతల తొలిసారి 'ఆర్యపుత్ర' యని నోరుజాఱినపుడు, ఇది భర్తను పిలుచు మాట గదా యని రాజు లోలోన పొంగిపోవును. ఆ భాగము కాళిదాసునిదగునా కాదా యను వివాదములోనికి మేము పోము. ఎవరు వ్రాసినను, పంచమాంకపు కీలకము ఈ పిలుపులో నున్నదని గ్రహించిన వారే వ్రాసియుందురు.

'పౌరవ' యను పిలుపులో నింద లేదు. జ్ఞాపకము చేయుట కలదు. మీ వంశమువారు ఇట్టివారు కారని చెప్పక చెప్పుటయది. ఉంగరము కానరాలేదు, దీర్ఘాపాంగమను జింకపిల్ల కథ ఫలింపలేదు, స్త్రీల నేర్పు నేర్పకయే వచ్చునని రాజు కోకిలను దృష్టాంతముగా చూపి పరిహసించినాడు. అప్పుడు గాని 'అనార్య' యను మాట రాలేదు. ఆర్యపుత్ర, పౌరవ, అనార్య—మూడు పిలుపులలో మొదటిదాని ఆర్యశబ్దమునే కడపటిది నిషేధించినది. నడుమ వంశము నిలిచి చూచుచున్నది. పురువంశమునందలి నమ్మకముచేతనే తాను మోసపోతినని ఆమె పిదప వాపోవుట చూడగా, 'పౌరవ' పదము ఛందోభాషాదుల యవసరమున దొరలినది కాదని తేటపడును. మఱియొక విశేషము. ఆమె మర్యాదతో పిలిచినంతవఱకు రాజు చలింపలేదు. 'అనార్య' యనిన వెంటనే, ఈ కోపము కపటముగా తోచుటలేదే యని ఆతని బుద్ధి సందేహమున పడినది. మర్యాద చేయలేని పనిని దాని భంగము చేసినది.

సగములో నిలిచిన పిలుపు భవభూతికిని ప్రియమైనది. ఉత్తరరామచరిత ప్రథమాంకమున వృద్ధకంచుకి అలవాటు చొప్పున 'రామభద్ర' యని మొదలిడి, పట్టాభిషేకము జరిగినదని తోచి జంకి, 'మహారాజ' యని దిద్దుకొనును. తండ్రిగారి పరిజనమునకు ఆ పాత పిలుపే ఒప్పునని రాముడు చిఱునవ్వుతో ననును. అచట దిద్దుబాటును త్రోసిపుచ్చుటకు వినువాడు సమ్మతుడు. ఇచట త్రోసిపుచ్చువాడు లేడు. తృతీయాంకమున వాసంతి రాముని 'మహారాజ' యని పిలిచినపుడు, ఈ పిలుపులో ప్రణయము లేదే యని ఆతడు ఉలికిపడి, సీత వృత్తాంతము ఈమెకు తెలిసినదని ఊహించును. గౌరవవాచకమే గాయపఱచుట యనగా నిదియే. భవభూతి రామునకు ఆ గాయము తెలియు చెవి యిచ్చినాడు. శాపగ్రస్తుడైన దుష్యంతునకు ఆ చెవి లేదు. కావున 'ఆర్యపుత్ర' తెగి 'పౌరవ' యగుటను విన్నవారు ప్రేక్షకులు మాత్రమే.

నన్నయ శకుంతల పరిస్థితి వేఱు. ఆదిపర్వ చతుర్థాశ్వాసమున శాపము లేదు, ఉంగరము లేదు. రాజు ఎఱిగియు ఎఱుగనని బొంకినాడు. ఆమె కొడుకును వెంటబెట్టుకొని వచ్చినది. ఆమెకు పిలుపును గూర్చిన సంకోచము లేదు. మొదటినుండి తుదివఱకు ఏకవచనముననే మాటలాడును. సత్యమహిమను చెప్పు సుప్రసిద్ధ పద్యమున ఆమె రాజును 'సూనృతవ్రత' యని సంబోధించుటను మాత్రము మఱువరాదు. ఎదుట నిలిచి బొంకువానిని సత్యమే వ్రతముగా గలవాడా యని పిలుచుట! ఇది ప్రాసయతుల పూరణమనువారితో మేము ఏకీభవింపము. కాళిదాసుని శకుంతల పిలుపును ఉపసంహరించుకొని గాయమును తెలిపినది. నన్నయ శకుంతల తగని బిరుదమును తగిలించి అదే పనిచేసినది.

ఇక తెలుగుసేత మాట. శాకుంతలమును కందుకూరి వీరేశలింగము, వేదము వేంకటరాయశాస్త్రి మున్నగువారు తెనిగించిరి. కావ్యభాషలో చిక్కు లేదు. అందు దేవునికైనను రాజునకైనను 'నీవు' చెల్లును. చిక్కెల్ల నేటి వచనానువాదములయందును, రంగస్థల ప్రతులయందును కలదు. సంస్కృత ప్రాకృతములలో 'త్వమ్' అను ఏకవచనము అవమానము కాదు. శకుంతల 'పౌరవ' యని పిలిచిన పిదప వాడిన సర్వనామమును ఏకవచనమే. మార్పంతయు సంబోధనములోనే యున్నది. నేటి తెలుగున అట్లు గాదు. 'నీవు', 'మీరు' అను రెండింటిలో నొకటి యెన్నుకొనక వాక్యమే సాగదు. కాళిదాసునకు అక్కఱలేని ఒక ఎన్నిక తెలుగు రచయిత మెడకు చుట్టుకొన్నది. మేము చూచిన ఒక ప్రతిలో శకుంతల ఆద్యంతము 'మీరు' అనుచు, 'అనార్యుడా, మీరు' అనువఱకు పోయినది. మఱియొక దానిలో 'పౌరవ' వద్దనే 'నీవు' ప్రవేశించి, కోపము రాకమునుపే కోపము వచ్చినది. రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దదని మా యభిప్రాయము. 'పౌరవ' తిట్టు కాదు, దూరము. తెలుగున 'మీరు' గౌరవమునకేగాక దూరమునకును చెల్లును; చనువుగల యింట పోట్లాట వచ్చిననాడు 'నువ్వు' పోయి 'మీరు' వచ్చుట మన మెఱిగినదే. కావున 'పౌరవ' తోడను 'మీరు' ఉండవలెను; ఆ 'మీరు' ముందటి 'మీరు' కంటె చల్లగా వినబడునట్లు చేయుట నటి కంఠమునకు విడువవలసిన పని. 'అనార్య' యన్నచోట 'నీవు' పడవలెను. ఆ ఒక్క మార్పు ఆ ఒక్క చోటికే దాచియుంచుకొనవలెను.

ఇట్లు ఆలోచించినపుడు మా విద్యార్థి వ్రాసిన 'ఏమండీ' మరల జ్ఞప్తికి వచ్చినది. భర్తను పేరు పెట్టి పిలువని తెలుగింటిలో 'ఏమండీ' చేయు పని యేమి? పేరు లేకయే, మఱియెవ్వరికిని లేని అధికారముతో పిలుచుట. 'ఆర్యపుత్ర' పదమునకు అర్థముచేత గాకపోయినను వినియోగముచేత ఇంతకంటె దగ్గఱి మాట మాకు దొరకలేదు. 'ఏమం—' అని ఆగి, 'ఇపుడిట్లు పిలుచుట తగదు' అని శకుంతల యనిన, ఏ వ్యాఖ్యానమును చదువని ప్రేక్షకురాలికిని గుండె కలుక్కుమనును. అయితే ఆ పిదప? 'రాజుగారూ' యనిన వంశము పోవును. 'పౌరవా' యనిన ఒకే వాక్యమున రెండు కాలముల భాష కలిసి నవ్వు పుట్టించును. మామగారి ఇల్లును ఇమిడ్చుకొనిన సంస్కృతపదమునకున్న గంభీరత 'ఏమండీ'కి లేదు. కావున ఆ మాటను అంగీకరించితిమని చెప్పలేము. దానికి మార్కులు తగ్గించుట మాత్రము అన్యాయమే. ఆ విద్యార్థి ఉత్తీర్ణుడై వెళ్లినాడు గనుక ఆ రెండు మార్కులను ఇపుడు తిరిగి ఇచ్చు మార్గము లేదు.

సప్తమాంకమున ఈ పిలుపు తిరిగి వచ్చు రీతి మఱింత సూక్ష్మము. పశ్చాత్తాపమున వన్నె తఱిగిన రాజును చూచి, ఆర్యపుత్రునివలె లేడే యని శకుంతల మొదట శంకించును. అప్పటికే బాలకుడు 'మా తండ్రి దుష్యంతుడు, నీవు కాదు' అని రాజు ముఖముననే చెప్పియున్నాడు. తల్లిని చూడగనే, ఎవడో పురుషుడు నన్ను కొడుకా యని కౌగిలించుకొనుచున్నాడని ఫిర్యాదు చేయును. అచటను తగవు పిలుపును గూర్చినదే. రాజు గుర్తెఱిగి పలికిన పిదప, ఈతడు ఆర్యపుత్రుడే యని ఆమె తన హృదయమునకు తాను చెప్పుకొనును. అంతట ఆర్యపుత్రునకు జయమగుగాక యని మొదలిడి, జయవచనము ముగియకమునుపే కన్నీటిచేత గొంతు పట్టుకొని ఆగిపోవును. పంచమాంకమున ఆ పిలుపును సగములో నాపినది మర్యాద. ఇచట నాపినది కన్నీరు. కన్నీరడ్డగించినను జయము నాకు లభించినదని రాజు వెంటనే ప్రత్యుత్తరమిచ్చును. పంచమాంకమున వినని చెవికి ఇపుడు సగము పిలుపే చాలినది.

ఇచటను తెలుగు రచయితకు చిక్కు తప్పలేదు. రాజు పాదములపై పడగా, ఆర్యపుత్రుడు లేచుగాక యని ఆమె ప్రథమపురుషమున ననును. ఆ ప్రయోగమును మక్కికి మక్కిగా దింపిన రంగస్థలమున కృతకముగా నుండును. 'లెమ్ము' అనిన పంచమాంకపు 'నీవు' ఇంకను ఆఱలేదేమో యనిపించును. మా మట్టుకు మేము 'లెండు' అని మాత్రమే వ్రాయింతుము, సంబోధనము వలదు.