కాంటినెంటల్ మెరుగా, శాడిల్ మెరుగా?

అమెరికన్ కెన్నెల్ క్లబ్ నియమం ప్రకారం, ఏడాది నిండిన పూడిల్ కుక్క డాగ్ షోలో మామూలు పోటీకి రింగ్‌లోకి రావాలంటే రెండే కత్తిరింపులు: కాంటినెంటల్, ఇంగ్లిష్ శాడిల్. ఏడాది లోపు కూనలకు పప్పీ క్లిప్ చాలు. ముఖం, గొంతు, పాదాలు, తోక మొదలు రెండింటిలోనూ నున్నగా గొరగాల్సిందే. తోక చివరి బంతి, ముందరి కాళ్ళ కుచ్చులు, ఛాతీని కప్పే జూలు రెండింటికీ ఉమ్మడి ఆస్తి. తగవంతా నడుము వెనకే.

కాంటినెంటల్‌లో ఆ వెనక భాగాన్ని చర్మం దాకా గొరిగేస్తారు. తుంటి మీద రెండు గుండ్రటి రోజెట్లు (ఉంచినా మానినా తప్పులేదు), వెనక కాళ్ళ మడమ కీళ్ళ దగ్గర బ్రేస్‌లెట్లు, అంతే. తొడలో కండ ఎంత, మోకాలి వంపు ఎంత అన్నది రింగ్ బయట కూర్చున్నవాళ్ళకీ తెలిసిపోతుంది. శాడిల్‌లో అదే చోటును పొట్టిగా కత్తిరించిన ఉన్ని కప్పుతుంది. రెండు పక్కలా నెలవంకలాంటి గొరుగుడు, ఒక్కో వెనక కాలికి మోకాలి దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి చొప్పున గొరిగిన పట్టీలు.

పనితనమే కొలత అయితే నా ఓటు శాడిల్‌కే. క్లిప్పర్‌తో చర్మం దాకా తీసేయడానికి ధైర్యం చాలు. వంపు తిరిగిన ఒంటి మీద ఉన్నిని కత్తెరతో మఖమల్‌లా సమం చేయాలంటే ఏళ్ళ సాధన కావాలి. ఎడమ నెలవంకకు కుడిది జత కుదరాలి, నాలుగు పట్టీలూ కీళ్ళ మీదే కూర్చోవాలి. పట్టీ కాస్త పైకి జరిగిందా, కాలి తీరే మారిపోతుంది. పోయిన జుట్టు మళ్ళీ పెరిగేదాకా ఆగడం తప్ప గత్యంతరం లేదు.

కానీ జడ్జి బహుమతి ఇచ్చేది కత్తెరకు కాదు, కుక్క నిర్మాణానికి. అక్కడే శాడిల్ ఓడిపోతుంది. ఆ ఉన్ని బక్క తొడను నింపుతుంది, వంపు చాలని మోకాలికి వంపు తెచ్చిపెడుతుంది. జడ్జి చేత్తో తడిమి చూస్తారు, నిజమే. నడకను మాత్రం కళ్ళతోనే చూడాలి.

అలాగని కాంటినెంటల్‌ను సత్యహరిశ్చంద్రుణ్ణి చేయనక్కర్లేదు. వెనక దాచలేనిదంతా అది ముందు దాచుకుంటుంది. పూడిల్ చతురస్రంగా ఉండాలని, అంటే రొమ్ము ఎముక నుంచి పిరుదు దాకా ఉండే పొడవు భుజాల దగ్గరి ఎత్తుకు దాదాపు సమానం కావాలని నియమం. జూలు ఆగే గీతను కొంచెం వెనక్కి జరిపితే చాలు, పొడుగు నడుము పొట్టిగా కనిపిస్తుంది. రబ్బరు బ్యాండ్లు నడినెత్తి జుట్టుకే పరిమితమన్న కట్టడి ఉన్నా, ఎత్తి కట్టిన ఆ కొప్పు మెడకు లేని పొడవు తెచ్చిపెడుతుంది. భుజాల అమరిక సంగతి జూలుకే తెలియాలి.

పూడిల్ నీళ్ళలోంచి వేట పక్షులను తెచ్చే కుక్క కాబట్టి ఈదడానికి వీలుగా గొరిగారని, చలి తగలకుండా రొమ్ము మీద, కీళ్ళ మీద జుట్టు ఉంచారని రెండు కత్తిరింపులవాళ్ళూ చెబుతారు. మొదలు అదే కావచ్చు. ఇప్పటి షో జూలుతో కుక్కను చెరువులోకి దింపే యజమాని మాత్రం ఉండడు. గంటల తరబడి దువ్వి, డ్రయ్యర్‌తో ఉంగరాలు విప్పి నిలబెట్టిన జుట్టది! ఈత కథను ఏ పక్షం వాదనకూ సాక్ష్యంగా తీసుకోలేం.

రింగ్ తీర్పు ఎప్పుడో వచ్చేసింది. శాడిల్ ఇప్పుడు అరుదు. 2020లో వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షో గెలిచిన నల్లటి స్టాండర్డ్ పూడిల్ సీబాది కాంటినెంటల్ కత్తిరింపే. ఆ గెలుపు వీడియో చూస్తే జూలు వైపు చూపు పోనివ్వకండి. అది పరుగెత్తేటప్పుడు వెనక కాళ్ళు చూడండి. కుక్క గురించి ఆ కత్తిరింపు దాచకుండా చూపించేది అక్కడే.