చామంతి కుండీని పారేయకండి

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, అపార్ట్‌మెంట్ల చెత్తకుండీల పక్కన వాడిన చామంతులు కుండీలతో సహా కనిపిస్తాయి. పూలతోపాటు మొక్క పనీ అయిపోయిందనుకుంటున్నాం మనం. బంతినైతే పీకేయొచ్చు, అది ఒక్క కాపు మొక్క. చామంతి ఏళ్ల తరబడి బతికే జాతి. పూసిన కొమ్మలు ఎండుతుండగానే మొదలు దగ్గర మట్టిని చీల్చుకుని, సన్నని నూగు ఆకులతో పిలకలు వస్తాయి. పాత కొమ్మల్ని జానెడు ఎత్తున కోసి, పిలకల్ని వేళ్లతో విడదీసి నాటితే ఒక కుండీ నాలుగైదవుతుంది.

దాచిన మొక్క రెండో ఏడు బారుగా పెరిగి పడిపోతుందనీ, పూయదనీ చాలామంది అంటారు. నిజమే, కానీ లోపం మొక్కది కాదు. నర్సరీల్లో కొనలు తుంచుతారు, చాలాచోట్ల ఎదుగుదలను అణిచే మందూ కొడతారు. మందు ప్రభావం పోయాక అది తన ఎత్తు తాను పెరుగుతుంది. వానాకాలమంతా కొనలు తుంచుతూ ఆగస్టు చివర ఆపేస్తే గుబురుగానే ఉంటుంది. ఇక పూయకపోవడానికి అసలు కారణం వెలుతురు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద చూపించారు. చామంతి ఆ కోవలోదే, రాత్రి పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. వీధిదీపం పడే బాల్కనీలోనో, పదకొండింటిదాకా లైట్లు వెలిగే హాల్లోనో పెడితే దానికి చలికాలం వచ్చినట్టే తెలియదు. పాలీహౌస్ రైతులు దీన్ని తెలిసే వాడుకుంటారు: పూత ఆలస్యం కావాలంటే రాత్రి బల్బులు వేస్తారు, త్వరగా కావాలంటే సాయంత్రమే నల్లగుడ్డ కప్పుతారు. దసరా నుంచి మొగ్గ కనబడేదాకా రాత్రిళ్లు చీకటి మూల ఇవ్వండి, పగలు మాత్రం ఎండ తగలాలి.

కొత్త కుండీ చవకే కదా, ఇంత శ్రమెందుకని అడగొచ్చు. డబ్బు లెక్కలో ఆ మాట సరైనదే. కానీ చామంతి విత్తనానికి తల్లి పోలిక రాదు, పిలకతోనో కొమ్మతోనో మాత్రమే రకం అచ్చంగా నిలుస్తుంది. నర్సరీలు అమ్ముడుపోయే రకాల్నే పెంచుతాయి. ఘాటైన వాసన ఉన్న పాత పెరటి రకాలు ఇంటి నుంచి ఇంటికి పిలకలుగా చేతులు మారబట్టే మిగిలాయి. అలాంటిదాన్ని చెత్తలో వేస్తే కొనుక్కోవడానికి మళ్లీ దొరకదు. జాగ్రత్త పడాల్సింది వానలకే: నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. గట్టు వెంట వరుసగా నాటేవాళ్లు మట్టిని ఎత్తు చేసి నాటాలి, కుండీవాళ్లు అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. ఇంట్లోకి మాత్రం పూలు విచ్చాకే తేవాలి, అదీ వారం పది రోజులకే.