చిల్లర దేవుళ్ళు, చెల్లని కాగితాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

దాశరథి రంగాచార్య గారి "చిల్లర దేవుళ్ళు" నవలను నైజాం కాలపు వెట్టిచాకిరికి సాక్ష్యంగా చదవడం మనకు అలవాటైపోయింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1971లో బహుమతి ఇచ్చిన ఈ నవల సినిమాగా కూడా వచ్చింది. దొరలు పోయారు, గడీలు కూలాయి, కాబట్టి ఈ నవల చెప్పవలసినది చెప్పి విశ్రమించిందన్నది సాధారణ అభిప్రాయం. ఈ వ్యాసంలో మేము ఆ అభిప్రాయాన్ని ప్రశ్నింపదలచాము. "ఎవరు గెలిచినా మా బతుకులింతే" అనే మాట నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలలో ఏ అరుగు మీద కూర్చున్నా వినబడుతున్నది. దానిని ప్రజాస్వామ్యంపై విరక్తిగా వ్యాఖ్యాతలు లెక్కగడుతున్నారు. ఆ విరక్తి దేనిమీద కలిగినది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఈ పాత నవల ఉపయోగపడుతుందని మా నమ్మకం. అయితే దానిని ఇప్పటివరకు చదివిన తీరులో చదివితే మాత్రం కాదు.

ముందుగా స్థలం గురించి కొంత చెప్పవలసి యున్నది. ఈ మూడు జిల్లాలలోనూ అధిక భాగం 2016 అక్టోబరు 11 వరకు వరంగల్లు జిల్లాలోనిదే. భూపాలపల్లి నుండి ములుగు 2019లో మళ్ళీ విడిపోయింది. జనగామ తాలూకా సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లాలో ఉండేది. రంగాచార్య గారు 1928లో పుట్టిన చిన్నగూడూరు నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. 1912 నుండి 1945 వరకు బిషప్ అజరయ్య గారి పరిచర్యకు కేంద్రమైన డోర్నకల్ కూడా ఈ జిల్లాలోనిదే. ఆయన సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ కూలి కుటుంబాలవారు. రంగాచార్య గారు కథగా రాసిన దశాబ్దాలూ, మన సంఘ చరిత్రకారులు ఉజ్జీవంగా వర్ణించే దశాబ్దాలూ ఒక్కటే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం మన విద్యాలయాలలో ఇకనైనా మొదలుకావాలి.

నవలలో ఊరిని మనం పాణి అనే సంగీత విద్వాంసుని కళ్ళతో చూస్తాము. అతడు ఆంధ్ర ప్రాంతం నుండి ఆదరణ వెదుక్కుంటూ వచ్చినవాడు. ఊరిలో ఇద్దరు అధికారులు ఉన్నారు. ఒకరు గడీలోని దేశముఖు, మరొకరు లెక్కలు రాసే కరణం. తరగతిలో ఈ నవలపై వ్యాసం రాయమన్నప్పుడు విద్యార్థులు దాదాపు అందరూ దేశముఖు క్రూరత్వం గురించే పేజీలు నింపారు. కరణాన్ని పట్టించుకున్నవారు ఒకరిద్దరే. తప్పు వారిది కాదు, విమర్శకులు కూడా చేసినది అదే. కొరడా కంటికి కనబడుతుంది, కలం కనబడదు. కానీ శీర్షికలో ఉన్నది బహువచనమని గమనించాలి. దేశముఖు చేయి ఎంత దూరం చాచినా అది ఒక మనిషి చేయే. ఏ పొలం ఎవరిదో, ఎవరు ఎంత బాకీయో, ఎవరి పేరు ఏ గడిలో ఉండాలో నిర్ణయించే కాగితం కరణం దగ్గర ఉన్నది. గడీ కూలితే దేశముఖు పోతాడు. కాగితం మాత్రం చేతులు మారుతూ నిలిచి ఉంటుంది.

వేదాంత విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాకూడదు. నాబోతు ద్రాక్షతోట వృత్తాంతంలో అహాబు రాజు కత్తి దూయలేదు. యెజెబెలు రాజు పేరిట తాకీదులు రాయించి, ముద్ర వేయించి, ఊరి పెద్దలకు పంపింది. ఆపైన సాక్షులు, విచారణ, తీర్పు, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. నాబోతు భూమిపోయినది అన్యాయం వలన మాత్రమే కాదు, న్యాయప్రక్రియ వలన కూడా. ఈ వృత్తాంతాన్ని దురాశకు దృష్టాంతంగా ప్రసంగించి ముగిస్తే, ఆ తాకీదులను అందుకొని మారుమాటాడక అమలుచేసిన పెద్దలు మన దృష్టి నుండి తప్పించుకుంటారు.

నవలకు ఒక పరిమితి ఉన్నది, అది చిన్నది కాదు. ఊరి బాధను చెప్పడానికి బయటినుండి ఒక కళాకారుడు రావలసి వచ్చింది. బాధితులు మన జాలికి పాత్రులవుతారు గాని, తమ లెక్క తాము అడిగేవారుగా తక్కువగా కనబడతారు. చరిత్ర ఇందుకు భిన్నంగా నడిచింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ గారు కౌలుకు తీసుకున్న పొలంలో పంట పండించారు. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుషులు ఆ పంటను ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం అండతో నిలబడి గింజలు ఇంటికి చేర్చుకున్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గారు దేశముఖు మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగారు. అప్పటి ఆర్థిక స్థితిని మరువరాదు. యుద్ధకాలపు లెవీ ధాన్యం వసూళ్ళు, ధరల పెరుగుదల, వెట్టి ఒకేసారి పల్లె మీద పడ్డాయి. లెవీ భారం పెద్ద కమతాలను తప్పించుకొని చిన్న రైతు గాదె మీదికి మళ్ళడానికి కారణం లెక్కలు రాసేవారే. పోరాటంలో జనం గడీ మీద పడినప్పుడు దస్తావేజులను తగులబెట్టడం ఆవేశం కాదు, అవగాహన.

అటు తరువాత జరిగినది మన చర్చకు కీలకం. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కొద్ది నెలలకే వచ్చిన తొలి సాధారణ ఎన్నికలలో ఇదే జనం బారులు తీరి ఓటు వేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. తుపాకి పట్టిన చేతులు అంత త్వరగా బ్యాలెట్ కాగితం పట్టుకోవడం మామూలు విషయం కాదు. ప్రజాస్వామ్యం మీద ఈ ప్రాంతానికి తొలినుండీ నమ్మకం లేదనేవారు ఈ సంగతిని దాటవేస్తున్నారు. మరి ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతిన్నది? గౌతమ్ ఘోష్ తీసిన "మా భూమి" చిత్రంలో సైన్యం వెంట ఊరికి తిరిగివచ్చిన దొర ఖద్దరు తొడిగి కనబడతాడు. ఒక్క దుస్తుల మార్పుతో ఆ చిత్రం చెప్పినది అనేక పరిశోధనా గ్రంథాల సారాంశం. అయినా అక్కడ కూడా మనం చూస్తున్నది దొరనే.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. చట్టం మంచిదే. కానీ ఎవరు రక్షిత కౌలుదారో తేల్చవలసినది రికార్డు, ఆ రికార్డు రాసేవారు అదే ఊరి పట్వారీలు. 1973 నాటి భూపరిమితి చట్టం వద్ద కూడా ఇదే తంతు, వివరాలు పాఠకులకు తెలిసినవే.

ఇక 1997-98 సంవత్సరపు పత్తి సంక్షోభానికి వద్దాము. వరంగల్లు జిల్లా ఆత్మహత్యలు దేశం దృష్టిని ఆకర్షించినది ఆ యేడే. తెల్లబంగారమని నమ్మి మెట్టభూముల్లో పత్తి పెట్టారు. అకాల వర్షాల వెంట లద్దెపురుగు వచ్చింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, నకిలీ మందులు కూడా తోడయ్యాయి. బ్యాంకు అప్పు పుట్టని రైతుకు విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ఒకే దుకాణంలో ఉద్దెరకు దొరికేవి. ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో చెప్పే సలహాదారు, వడ్డీ వేసే షావుకారు ఒక్కరే. చాలాచోట్ల పంట కొనేవారు కూడా వారే. ఆ దుకాణంలోని ఖాతా పుస్తకం కరణం లెక్కల పుస్తకానికి వారసురాలని మేము భావిస్తున్నాము. ఇక్కడ కొరడా లేదు, వెట్టి లేదు, ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. చనిపోయిన రైతు తాగినది కూడా ఆ దుకాణంలో ఉద్దెరకు తెచ్చిన మందే.

ఈ దశలో ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. జయతీ ఘోష్ గారి అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేశారు. 2004లో ప్రభుత్వ ఉత్తర్వు 421 ద్వారా, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సహాయము, అప్పుల పరిష్కారానికి 50 వేలు ప్రకటించారు. అయితే చనిపోయినవాడు రైతేనని నిర్ధారించవలసినది రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కూడిన కమిటీ. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం వేరొకరి పేర ఉంటుంది. భర్త శవం ఇంట్లో ఉండగా, ఆయన రైతేనని రుజువు చేయవలసిన భారం భార్య మీద పడింది. పొలం యజమాని రాసిస్తే పని జరుగుతుంది, కాని రాసిస్తే రేపు భూమిపై హక్కు అడుగుతారేమోనని ఆయన భయం. ఈ స్థితిలోని స్త్రీకి ఎన్నికల గుర్తింపు కార్డు ఉన్నది. ఓటరుగా ఆమె ఉనికిని రాజ్యం ఒప్పుకున్నది, సేద్యకారురాలిగా మాత్రం ఒప్పుకోలేదు. నిరాశ పుట్టినది ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీలో.

2011లో ఉమ్మడి రాష్ట్రం లైసెన్సు పొందిన సాగుదారుల చట్టం తెచ్చి, కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వజూపింది. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ దారి మూసుకుపోయింది. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు పథకం సీజనుకు ఎకరానికి 4 వేలు, పిదప 5 వేలు చొప్పున చెల్లించింది. ఎకరాలకు పరిమితి పెట్టలేదు. రెండెకరాలవానికి రెండెకరాలకు, యాభై ఎకరాలవానికి యాభై ఎకరాలకు డబ్బు వచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ భూమి కౌలుకిచ్చినవారికీ వచ్చింది. కౌలుదారునికి ఒక్క ఎకరానికి కూడా రాలేదు. అదే సంవత్సరం వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. దేశముఖు కాలంలో అసమానత్వాన్ని భూమి నిర్ణయించింది. ఇప్పుడు ప్రజల ఖజానా అదే భూమిని కొలతబద్దగా పెట్టుకొని ఆ అసమానత్వానికి ఏటా రెండు విడతలు చెల్లింపు చేసింది. దీనిని సంక్షేమమని పిలవడానికి మాకు మనస్కరించడం లేదు. ఆ డబ్బుతో నిజంగా నిలదొక్కుకున్న చిన్న రైతులు లేకపోలేదు, అది ఒప్పుకోవలసినదే.

భూపాలపల్లి వైపు ఈ కథకు మరో రూపం ఉన్నది. అక్కడ బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ఉన్నాయి. రాష్ట్రానికి వెలుగు, నీరు ఇవ్వవలసిన నిర్మాణాలన్నీ ఆ జిల్లాలోనే. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. నెలన్నర తిరుగక ముందే వచ్చిన శాసనసభ ఎన్నికలలో ప్రభుత్వం మారింది. ఇది ఓటు శక్తి కాదా అని అడగవచ్చు. అవును, శక్తే. కాని ఆ శక్తి వయసు ఒక్క రోజు. భూపాలపల్లి నుండి ఒక పార్టీ గుర్తు మీద గెలిచినవారు 2019లోను, స్టేషన్ ఘనపూర్ నుండి మరొక పార్టీ గుర్తు మీద గెలిచినవారు 2024లోను అధికార పక్షం వైపు నడిచారు. ఊరి స్థాయిలో పంచాయతీల గడువు 2024 ఆరంభంలో తీరిపోతే, ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. దాదాపు రెండేళ్ళు సర్పంచి లేని ఊరిని ప్రత్యేకాధికారి సంతకం నడిపించింది. మళ్ళీ కలమే.

అయినప్పటికీ జనం ఓటు మానలేదు. 2023లో రాష్ట్ర సగటు పోలింగు 71 శాతం పైచిలుకు. హైదరాబాదు జిల్లాలో సగం మంది కూడా బూతుకు రాలేదు. ఈ పల్లె జిల్లాలలో మాత్రం రాష్ట్ర సగటుకంటే బాగా ఎక్కువగా వచ్చారు. విరక్తి చెందినవారు ఎండలో గంటలు నిలబడరు. ఓటుకు నోటు కోసమే వస్తున్నారనే వ్యాఖ్యను, పల్పిటు మీది నుండి "నిజాయితీగా ఓటు వేయండి" అనే మన హితబోధను కలిపి పరిశీలిస్తే, రెండూ తప్పును ఓటరు మీదనే మోపుతున్నాయి. ఓటు వేసిన మరునాటి నుండి తహసీలు ఆఫీసులో, ఎరువుల దుకాణంలో, బ్యాంకు కౌంటరు వద్ద ఆమెకు ఎదురయ్యేది ఎన్నుకోబడని అధికారం. జనం నమ్మకం కోల్పోయినది దాని మీద. ప్రజాస్వామ్యం మీద విరక్తి అని పేరుపెడితే, ప్రజాస్వామ్యం ఇంకా అడుగుపెట్టని చోటును మనం లెక్కలోకి తీసుకోనట్టే.

పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఒకటి ఉండేది. అందులో పేరు రాయించుకోవడానికి కౌలుదారులు పట్వారీల చుట్టూ తిరిగేవారు, కొందరి పేర్లు ఎక్కేవి కూడా. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఆ గడి లేకపోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. 2025 జనవరి 26న, ఏడాదికి ఎకరానికి 12 వేల చొప్పున రైతుభరోసా మొదలైంది. కౌలుదారులకు కూడా ఇస్తామని ఎన్నికలలో చెప్పిన మాట అమలుకు రాలేదు, డబ్బు పట్టాదారుల ఖాతాలలోనే పడింది. పాలకుర్తిలో కౌలు పొలం దున్నిన ఐలమ్మ గారు ఈనాడు దరఖాస్తు పట్టుకొని వచ్చినా, ఆ జాబితాలో ఆమె పేరు ఉండదు.