మేకు లేని చెప్పు

పెళ్లికొడుకు చెప్పులతో నడిచేది కాసేపే. ఊరేగింపు అయ్యాక మండపం బయట విడవాలి, మరదళ్లు దాచేస్తే డబ్బిచ్చి విడిపించుకోవాలి. కాబట్టి పెళ్లి చెప్పు చేత్తో పట్టకుండానే తొడగడానికి, విడవడానికి రావాలి. కాలికి లేనప్పుడూ చూడబుద్ధి కావాలి. లేసుల బూటు మొదటిదాంట్లోనే తప్పుతుంది. జరీ మోజడీ అందంగానే ఉంటుంది గానీ, పంచె కింద నాకు అద్దె వేషంలా తోస్తుంది. బీదర్ జిల్లా ఔరాద్‌లో పెళ్లికి నన్నడిగితే కొల్హాపురి జోడే కొనమంటాను.

పేరు మహారాష్ట్రది, పనితనం సరిహద్దుకు రెండువైపులదీ. 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపులో అక్కడి నాలుగు జిల్లాలతో పాటు కర్ణాటకలోని బెళగావి, బాగల్‌కోట్, ధారవాడ, విజయపుర ఉన్నాయి. బీదర్ లేదు.

మంచి జోడును తిరగేసి చూడండి. మేకు కనబడదు. పొరలు పొరలుగా పేర్చిన గేదెతోలు అట్టను సన్నటి తోలు వారే పట్టి ఉంచుతుంది. ఆరెతో పొడిచి, వారు దూర్చి, బిగలాగుతారు. చేయి తిరిగినవాడి కుట్లు మడమ దగ్గర వంపు తిరిగేటప్పుడు కూడా ఎడం మారవు. నేను ముందు చూసేది అక్కడే. తోలును తుమ్మచెక్క, కరక్కాయలతో ఊనుతారు కనుక ఆ తేనెరంగు పైన పూసింది కాదు, వాడేకొద్దీ ముదురుతుంది. పక్కల చెవులు అట్ట పొరల్లోకి దిగి కుట్టులో కలిసిపోతాయి. పట్టీ మీద జడ కోసం మేకతోలును దారాల్లా చీలుస్తారు. ఈ అల్లిక చాలా ఇళ్లలో ఆడవాళ్ల పని. కిర్రుచెప్పులు కావాలంటే పొరల నడుమ గింజలు పెట్టి కుడతారు. వరుడి రాక అందరికీ తెలియాలనుకుంటే అదీ ఒక పద్ధతే!

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ ఇలాంటి చెప్పులనే మగవాళ్ల ఫ్యాషన్ ప్రదర్శనలో నడిపించింది. విమర్శలు వచ్చాకే వాటి మూలం భారతీయ చేతిపని అని ఒప్పుకుంది. చెప్పులు కుట్టినవాళ్లను తక్కువగా చూడటం ఇక్కడ కొత్త కాదు. బీదర్ జిల్లాలోనే ఉన్న బసవకల్యాణంలో 12వ శతాబ్దంలో చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణ మధువరసు కూతురికి పెళ్లయిందనీ, అందుకు రాజు బిజ్జలుడు తండ్రులిద్దరికీ మరణశిక్ష వేశాడనీ శివభక్తులైన శరణుల కథ.

కొనేటప్పుడు కాస్త బిగువుగా ఉన్న జతే తీసుకోండి, తోలు సాగుతుంది. ముహూర్తానికి వారం ముందు నుంచీ ఇంట్లో తొడుక్కుని తిరగాలి, బొటనవేలి ఉంగరం ఒరిసే చోట ఆముదం రాయాలి. శ్రావణంలో పెళ్లయితే మాత్రం ఈ సలహా వినకండి. తడిస్తే అట్ట ఉబ్బుతుంది, ఎండలో ఆరబెడితే బిరుసెక్కి పగులుతుంది.