గుత్తి సాలీడును గమనించడం

గుత్తి సాలీడు పగలంతా కదలదు. పెంచే పెట్టెలో నిలువుగా ఆనించిన బెరడు ముక్క వెనక, తాను నేసుకున్న గొట్టంలాంటి గూట్లో ఒదిగి ఉంటుంది. దీపాలు ఆర్పిన కాసేపటికి ముందుకాళ్ల కొనలు రెండూ గూటి అంచున కనబడతాయి. ఇలాంటి టారంటులాలను (నూగుతో ఉండే పెద్ద సాలీళ్లను) పెంచేవారికి పరిశీలన అక్కడ మొదలవుతుంది.

దీని శాస్త్రీయ నామం పొయిసిలోథీరియా మెటాలికా. గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను చూసి 1899లో జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్ ఈ పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు దాటినా దీని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనబడింది. మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. అంటే పేరు గుత్తిది, పుట్టిల్లు అడవిది. ఇప్పుడు అమెరికా, యూరప్‌ దేశాల్లో ఎందరో దీన్ని ఇళ్లలో పెంచి పిల్లలు తీయిస్తున్నారు.

ఎనిమిది కళ్లున్నా దీని చూపు అంతంతమాత్రం. లోకం దానికి అదురు రూపంలో తెలుస్తుంది. కాళ్ల మీది సన్నని నూగు గాలి కదలికను సైతం పసిగడుతుంది. కీచురాయిని వదిలితే దాని నడక దగ్గరయ్యేదాకా బిగుసుకుని ఉండి, ఒక్క ఉదుటున పట్టేస్తుంది. ఆ వేగం కంటికి అందదు. వెలుతురు పడితే అంతే వేగంగా గూట్లోకి పారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు మసక ఎర్ర దీపం వాడతారు, పెట్టెను కదిలించరు.

అమెరికా ఖండాల టారంటులాలు చాలావరకు బెదిరినప్పుడు పొట్ట మీది దురద వెంట్రుకలను రాల్చి విసురుతాయి. గుత్తి సాలీడుకు ఆ ఆయుధం లేదు. మొదట పారిపోవాలని చూస్తుంది. దారి లేకపోతే ముందుకాళ్లు పైకెత్తి, వాటి అడుగున ఉన్న పసుపు రంగు చూపిస్తుంది. అది చివరి హెచ్చరిక. కరిస్తే తీవ్రమైన నొప్పితో పాటు కండరాలు పట్టేస్తాయి, ఆ బాధ రోజుల తరబడి ఉండవచ్చు. చేతి మీద పాకించి ఫొటో తీసుకోవడం పరిశీలన కానే కాదు, ఆ జీవిని హింసించడమే.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది కుబుసం విడిచే ఘట్టం. దానికి ముందు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి తిండి ముట్టదు. రంగు మాసిపోతుంది. గూటి నోరు మూసుకునేవీ ఉంటాయి. తర్వాత వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవారు చచ్చిపోయిందనుకుని కదిలించేది ఇక్కడే, ప్రాణం పోయేదీ ఇక్కడే. చావుకు దగ్గరైన సాలీడు సాధారణంగా వెల్లకిలా పడదు, కాళ్లను ఒంటి కిందికి ముడుచుకుంటుంది. ఈ తేడా తెలియకుండా టారంటులాను ఇంటికి తెచ్చుకోకూడదు.

పాత చర్మం ఊడేసరికి ఒళ్లు మెత్తగా, కోరలు తెల్లగా ఉంటాయి. అవి ఎర్రబడి, నల్లబడేదాకా పురుగును లోపల వదలకూడదు. ఆ పురుగే సాలీడును కొరికే ప్రమాదం ఉంది. విరిగిన కాలు ఉంటే కుబుసంతో పాటు మళ్లీ మొలుస్తుంది. ఆరిన కొత్త చర్మం మీద నీలం మెరుస్తుంది. అది రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల సూక్ష్మ నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల పుట్టింది. విడిచిన కుబుసాన్ని తడిపి విప్పి, భూతద్దంతో చూసి ఆడో మగో తేల్చుకుంటారు. మగవి మూడు నాలుగేళ్లు, ఆడవి పది పన్నెండేళ్లు బతుకుతాయి. ఎదిగిన మగది గూడు వదిలి రాత్రంతా తిరుగుతుంది, తిండి తగ్గిస్తుంది.

తిన్న తేదీ, మానేసిన తేదీ, కుబుసం విడిచిన తేదీ రాసుకున్న నోటుపుస్తకం ఉంటేనే ఇవన్నీ ఒక వరుసలో అర్థమవుతాయి.

అడవిలో దీని స్థితి వేరు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా గుర్తించింది. 2019 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే జీవుల వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం అదుపులో ఉంది. పాత చెట్ల తొర్రలే దీని ఇళ్లు, వంటచెరకు కోసం ఆ చెట్లే కూలుతున్నాయి. నంద్యాల, గిద్దలూరు వైపు అడవుల్లో నీలి సాలీడు కనబడితే దూరం నుంచి చూసి, ఆ తొర్రలోనే వదిలేయండి.