వంపులో ఏడు మిల్లీమీటర్లు

పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదివిన వాళ్లకు ఫోర్ సెంటర్ మెథడ్ గుర్తుండే ఉంటుంది. ఐసోమెట్రిక్‌లో వృత్తం గీయాలంటే ముందు అరవై డిగ్రీల రాంబస్, ఆ తర్వాత నాలుగు చోట్ల కంపాస్ ముల్లు గుచ్చి నాలుగు చాపాలు. చూపుకు దీర్ఘవృత్తమే. నిజానికి కాదు.

వంద మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తాన్నే తీసుకుంటే, అసలు దీర్ఘవృత్తం పొడవు 122.5, వెడల్పు 70.7 మిల్లీమీటర్లు రావాలి. నాలుగు చాపాలతో వచ్చేది 115.5, 73.2. పొడవులో ఏడు మిల్లీమీటర్లు తగ్గింది, నడుము రెండున్నర లావెక్కింది. బొమ్మకైతే పరవాలేదు. అదే అలవాటుతో క్యాడ్‌లో మూత గీసి రేకు కోయిస్తే, సరైన కొలతకు కోసిన రంధ్రంలో అది కూర్చోదు.

క్యాడ్‌లో ఎలిప్స్ కమాండ్ ఉండగా చాపాలతో పనేమిటి? యంత్రంతో వచ్చిన పని అది. సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రానికి మామూలుగా వచ్చిన కదలికలు రెండు రకాలు: జీ01తో తిన్నటి గీత, జీ02, జీ03లతో వృత్తచాపం. పైగా కట్టర్ తన వ్యాసార్థం మేర గీతకు పక్కగా నడవాలి. చాపాన్ని పక్కకు జరిపితే మళ్లీ చాపమే వస్తుంది. దీర్ఘవృత్తాన్ని అన్నివైపులా సమదూరం జరిపితే దీర్ఘవృత్తం రాదు. ఆటోక్యాడ్‌లో పీఎలిప్స్ విలువ 1 చేస్తే ఎలిప్స్ కమాండ్ కూడా చాపాల పాలీలైన్‌నే గీస్తుంది.

ఈ సర్దుబాటు మన వైపు కొత్తది కాదు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండలో గగన్ మహల్ కమానులు చూడండి. అలాంటి మొనదేలిన వంపు గీయడానికి రెండు మేకులు, ఒక తాడు చాలు. ధర్మవరం పట్టుచీర అంచులో మామిడిపిందె ఇంకో రకం: గ్రాఫ్ కాగితం మీద అది గళ్ల మెట్లే, నేతలో కంటికి నున్నటి వంపు.

అన్నిచోట్లా ఇది చెల్లదు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కారు బాడీ లాంటి మెరిసే రేకు మీద చాపాల అతుకు దాగదు. మన ఉదాహరణలో అతుకు దగ్గర గీత దిశ మారదు కానీ, వ్యాసార్థం 86.6 నుంచి ఒక్కసారిగా 28.9కి, అంటే మూడో వంతుకు పడిపోతుంది. ప్రతిబింబం అక్కడే విరుగుతుంది.

చాపాలు వాడటం తప్పని ఈ వ్యాసకర్త అనడు. తేడా ఎంతో తెలియకుండా వాడటమే తప్పు. స్కెచ్‌లో ముందు అసలు దీర్ఘవృత్తాన్ని కన్‌స్ట్రక్షన్ గీతగా ఉంచాలి. దాని అక్షాల నాలుగు కొసలనూ చాపాలు తాకాలి, అతుకుల దగ్గర టాంజెంట్ నిబంధన పెట్టాలి. నాలుగు చాలకపోతే ఎనిమిది.

హిందూపురం నుంచి ధర్మవరం దాకా డ్రాయింగ్ నేర్పే మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లల చేత రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి గీయించండి. మధ్యలో అత్యధిక ఖాళీ ఎంతో కొలిపించి, ఆ అంకెను షీటు మీద రాయించండి.